కళ్లం దగ్గరే ఇంటి బస్తాలు తీసి పెట్టుకోండి

మాసూళ్లు మొదలయ్యాయి. గుడివాడ, పామర్రు వైపు కోత మిషన్లు చేలల్లో తిరుగుతున్నాయి. దివిసీమలో, బందరు శివారు భూముల్లో ఇంకా కొన్ని రోజులు పడుతుంది. మిషను తొట్టెలోంచి ట్రాక్టరులోకి, ట్రాక్టరు మీంచి మిల్లుకు ధాన్యం వెళ్లిపోతోంది. చాలామంది సన్నకారు రైతుల ఇళ్లలో పండించిన ధాన్యం ఒక్క బస్తా కూడా గుమ్మం ఎక్కడం లేదు. కుప్పలు వేసి, సంక్రాంతి నాటికి నూర్చి, ఇంటికి కావలసింది గాదెలో పోసుకుని మిగిలింది కాటా వేయించే రోజుల్లో ఈ సంగతి ఎవరికీ చెప్పవలసిన పని ఉండేది కాదు. గాదెలు పోయాయి, పురులు కట్టేవాళ్లు తగ్గిపోయారు. అమ్మగా వచ్చిన డబ్బు ఎరువుల కొట్టు బాకీకి, మక్తాకు, పిల్లల ఫీజులకు చెల్లిపోతుంది. ఆషాఢం వచ్చేసరికి వరి పండించిన రైతే బియ్యం బస్తా అరువు తెచ్చుకుంటాడు.

అందుకే ధాన్యం కళ్లంలో ఉండగానే ఏడాదికి ఇంటికి ఏమేం కావాలో లెక్క వేసుకోవాలి. అమ్మకం ఆ తరువాత పని.

డెల్టా రైతుకు చేతిలో డబ్బు ఆడని నెలలు ఏవో అందరికీ తెలుసు. డిసెంబరు, జనవరిలో వరి డబ్బు వస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో మినుము, పెసర చేతికొస్తాయి. నీరు ఇచ్చిన ఏడు దాళ్వా వేసినవారికి ఏప్రిల్లో మరికొంత. ఆ తర్వాత మళ్లీ మాసూళ్ల దాకా రాబడి లేదు, ఖర్చు మాత్రం ఉంది. కాలువలు వదలగానే దమ్ము, విత్తనం, ఊడ్పులు, ఎరువు, కలుపు కూలీ. శ్రావణంలో పండుగలు, దసరా, దీపావళి. కాలువ ఆలస్యమైతే ఊడ్పులు ఆలస్యం, ఊడ్పులు ఆలస్యమైతే కోతలు ఆలస్యం. నాగాయలంక, కోడూరు మండలాల శివారు చేలకు నీరు చేరేసరికి పైవాళ్ల ఊడ్పులు అయిపోతుంటాయి. కాబట్టి శివారు రైతు తన నిల్వను పన్నెండు నెలలకు కాదు, పదమూడు నెలలకు లెక్క వేసుకోవాలి.

కరువు పోయింది, తుపాను పోలేదు

ఈ ప్రాంతంలో తిండిగింజలు లేక జనం చనిపోయిన కాలం ఒకటి ఉంది. 1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు, బందరు ప్రాంతాలు ఖాళీ అయ్యాయి. దాన్నే డొక్కల కరువు అని కూడా అంటారు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాక అంతటి కరువు మళ్లీ రాలేదు. ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. 2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీరు కూడా మన కాలువల్లోకి వస్తోంది.

అయితే కాలువ కరువును ఆపింది గాని సముద్రాన్ని ఆపలేదు. 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచింది. ముప్పై వేల మంది పోయారని చెబుతారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టింది. అధికారుల లెక్కలోనే మృతులు పదివేలకు దగ్గర. ఊళ్లకు ఊళ్లు, పశువులు, కోతకు సిద్ధంగా ఉన్న వరి అన్నీ పోయాయి. మంచినీటి బావుల్లోకి, చెరువుల్లోకి ఉప్పునీరు చేరింది. ఆనాడు బతికి బయటపడ్డవారికి మొదట కావలసింది గుక్కెడు మంచినీళ్లు, పిడికెడు తిండి.

1990 మే 9న వచ్చిన తుపాను కూడా బలమైనదే. ముందుగా హెచ్చరించి జనాన్ని తరలించడం వల్ల ప్రాణనష్టం 1977తో పోలిస్తే ఎంతో తగ్గింది. ఈమధ్య సంగతులు చూస్తే, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన పనలు చేలల్లోనే నానాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. 2009 అక్టోబరు వరదలో వచ్చిన 11.10 లక్షల కంటే అది ఎక్కువ. దిగువన లంక ఊళ్లు మునిగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మన జిల్లాలో వరి పడిపోయింది.

ఈ తేదీలు ఒక్కసారి వరసగా చూడండి. ఒక్క మే నెల తుపాను తప్ప తక్కినవన్నీ సెప్టెంబరు నుంచి డిసెంబరు మొదటి వారం లోపల వచ్చినవే. అంటే ఇంట్లో పాత ధాన్యం అడుగంటి, కొత్త ధాన్యం ఇంకా చేలో ఉన్న రోజులు. గాలీ నీరూ మన తిండి బాగా పలచబడ్డ నెలల్లోనే వస్తున్నాయి. సంక్రాంతికి నిల్వ చేసుకున్నది దసరాకే అయిపోతే ఆ నిల్వ సగం పనే చేసినట్లు. అక్టోబరు, నవంబరు నెలల బియ్యం ఇంట్లో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఎన్ని బస్తాలు?

ఐదుగురున్న ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ. పొలం పని చేసే ఇంట్లో రోజుకు రెండు కిలోల బియ్యం ఎగిరిపోతాయి, నెలకు 60 కిలోలు. కార్డు మీద మనిషికి 5 కిలోల చొప్పున 25 కిలోలు వస్తాయి. ఆ బియ్యం అన్నానికి కాకుండా దోసెలకు, ఇడ్లీ రవ్వకు వాడేవాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. కొందరు బయటికి అమ్మేస్తున్నారు కూడా. పదీ పాతిక రూపాయలకు వాటిని వదిలేసి, దసరాకు బజారు బియ్యం కొనడం ఏం లెక్కో అర్థం కాదు. సరే, వాటిని తినేవారైతే నెలకు ఇంకా 35 కిలోలు కావాలి. ఏడాదికి 420 కిలోలు.

75 కిలోల ధాన్యం బస్తా ఆడిస్తే ఎంత బియ్యం వస్తుందన్నది రకాన్ని బట్టి, ఆరుదలను బట్టి, మిల్లును బట్టి మారుతుంది. ప్రభుత్వం మిల్లర్లకు పచ్చి బియ్యానికి పెట్టిన లెక్క నూటికి 67. ఊరి చిన్న మిల్లులో అంత ఆశించవద్దు. బస్తాకు 48 కిలోలు వేసుకోండి. 420 కిలోలకు తొమ్మిది బస్తాలు. చుట్టాలకు, పండుగలకు ఒక బస్తా. కాలువ ఆలస్యమైనా, తుపాను వచ్చి కోతలు వెనక్కి పోయినా ఆదుకోవడానికి ఇంకొకటి. మొత్తం పదకొండు బస్తాలు. కార్డు బియ్యం తినని ఇంటికి పదిహేడు, పద్దెనిమిది దాకా కావాలి.

ఇందులో లాభం ఎంత అని అడుగుతారు. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు 1,777 రూపాయలు. అదే బస్తాలో వచ్చే 48 కిలోల బియ్యాన్ని శ్రావణంలో కిలో 45 చొప్పున కొన్నారనుకుంటే 2,160 అవుతుంది. బస్తాకు 380 రూపాయల పైన తేడా. పదకొండు బస్తాలకు నాలుగు వేల పైచిలుకు. మీ ఊరి ధరలు వేసుకుని మీరే చూసుకోండి. తవుడు గేదెకు మిగులుతుంది. అరువు మీద తెస్తే కొట్టువాడు వేసే అదనం ఇందులో కలపలేదు. అరువు బాకీ ఉన్నవాడు మాసూళ్లప్పుడు తనకిష్టమైన చోట ధాన్యం అమ్ముకోలేడన్న సంగతి రూపాయల్లో లెక్క కట్టడానికి వీల్లేదు.

అయితే ఒక హెచ్చరిక. పదకొండు బస్తాల్లో రెండు బస్తాలు ఎలుకలు, పురుగు తినేస్తే ఈ లాభమంతా పోయినట్లే. సరిగా దాచలేనివారు దాచకపోవడమే మేలు. మరో సంగతి, ఇది ఇంటి తిండికి చెప్పే లెక్క. ధర పెరుగుతుందని పంటంతా ఇంట్లో పెట్టుకుని, అప్పుకు వడ్డీ కట్టుకుంటూ కూర్చోమని ఎవరూ చెప్పడం లేదు.

కౌలు రైతుల సంగతి వేరు. మక్తా బస్తాలు ఇచ్చి, పెట్టుబడి బాకీ తీర్చాక మిగిలేదే పది, పదిహేను బస్తాలైతే అన్నీ ఇంట్లో పెట్టడం కుదరదు. అలాంటివారు కనీసం ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఐదు నెలలకు, పైన ఇంకో నెలకు తీసి పెట్టుకోవాలి. ఐదుగురికి నాలుగున్నర బస్తాలు. జనవరి నుంచి జూన్ దాకా మినుము డబ్బులతో, కూలి డబ్బులతో కొనుక్కు తినవచ్చు. ధాన్యం దిగిన రోజుల్లో బియ్యం ధర కూడా కొంత నెమ్మదిగానే ఉంటుంది.

బియ్యంగా కాదు, ధాన్యంగానే

నిల్వకు ధాన్యమే మంచిది. పొట్టు ఉన్నంతకాలం గింజకు రక్షణ. ఏడాది బియ్యం ఒకేసారి ఆడించి పెడితే రెండు, మూడు నెలల్లో ముక్కపురుగు తగులుతుంది. రెండు నెలలకు సరిపడా ఆడించుకోండి. ఇంకో లాభం కూడా ఉంది. కొత్త బియ్యం ముద్ద అవుతుంది, సాంబమసూరి అయితే మరీను. ఆరు నెలలు ధాన్యంగా మాగితే అన్నం విడివిడిగా వస్తుంది, ఒదుగుతుంది కూడా.

మిషను కోసిన ధాన్యంలో తేమ నూటికి 20 నుంచి 25 దాకా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 దాకా తీసుకుంటారు. 17 ఉన్న ధాన్యం అమ్మడానికి పనికొస్తుంది గాని దాచడానికి పనికిరాదు. ఇంటి బస్తాల్లో తేమ 12, 13కు దిగాలి. పలచగా రెండంగుళాల మందాన పరిచి, గంటకోసారి కాలితో తిప్పుతూ మూడు నాలుగు రోజులు ఆరబెట్టాలి. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద పోస్తే గింజ లోపల పగిలి ఆడించినప్పుడు నూక ఎక్కువవుతుంది. రాళ్లు కలుస్తాయి. మోటారు సైకిళ్ల మీద వెళ్లేవారు జారిపడుతున్నారు. అందుకని అమ్మే ధాన్యం ఎక్కడ ఆరబోసినా, ఇంటి ధాన్యం మాత్రం ఇంటి ముందు టార్పాలిన్ మీద, డాబా మీద ఆరబెట్టుకోండి.

ఆరిందో లేదో తెలియాలంటే రైతు సేవా కేంద్రంలో తేమ కొలిచే మిషను ఉంటుంది, పిడికెడు గింజలు తీసుకెళ్లి చూపించుకోండి. లేదంటే పాత పద్ధతి, పంటి కింద పెడితే గింజ టక్కున విరగాలి, నలగకూడదు. ఇంకో చిన్న పరీక్ష ఉంది. పొడి గాజు సీసాలో మూడో వంతు ధాన్యం, గుప్పెడు బాగా ఎండిన ఉప్పు వేసి కొన్ని నిమిషాలు కుదిపి ఆపండి. సీసా గోడకు ఉప్పు అంటుకుంటే తేమ ఇంకా 15 పైనే ఉందని అర్థం. ఇంకో రెండు ఎండలు కావాలి.

ఎండలోంచి తీసిన ధాన్యాన్ని వేడి మీద సంచుల్లో పోయవద్దు. సాయంత్రం దాకా నీడలో చల్లారనివ్వాలి. వేడి గింజ లోపల చెమర్చి బూజు పడుతుంది.

గాదె ఉన్నవారు అదృష్టవంతులు. పగుళ్లకు పేడ, బంకమట్టి మెత్తి ఆరాక పోసుకోండి. మెట్ట ప్రాంతాల్లో జొన్నలకు తీసే పాతర్లు మన డెల్టాకు పనికిరావు. నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరే నేల మనది. గాదె లేనివారికి మూత బిగుతుగా ఉండే రేకు డబ్బాలు, ప్లాస్టిక్ డ్రమ్ములు మంచివి. పురుగుమందులో, రసాయనాలో వచ్చిన డ్రమ్ములు ఎంత చవకగా వచ్చినా కొనవద్దు, వాటిని ఎంత కడిగినా తిండిగింజలకు వాడకూడదు. సంచుల్లో పెట్టేవారు కొత్త సంచులు కొనాలి. పాత గోనెలైతే మరిగే నీళ్లలో ముంచి తీసి, రెండు రోజులు ఎండబెట్టి వాడాలి. పురుగు గుడ్లు గోనె పోగుల్లోనే దాక్కుంటాయి. సంచుల కింద కొయ్య బల్లలు వేసి, గోడకు ఒక అడుగు ఎడంగా పేర్చాలి. గోడకు ఆనించిన బస్తా వానాకాలంలో గోడ చెమ్మ పీల్చుకుంటుంది. ఆ సందులోంచే పిల్లి కూడా తిరగగలగాలి!

ధాన్యానికి ముఖ్యంగా వచ్చేది వడ్లచిలక, ముక్కపురుగు. సంచుల చుట్టూ సాయంత్రం వేళ చిన్న తెల్లటి రెక్కల పురుగులు ఎగురుతుంటే అది వడ్లచిలక. వెంటనే దించి ఎండలో పోయాలి. వేపాకు వాడేవారు నీడలో బాగా ఎండబెట్టి వాడండి. పచ్చి ఆకు వేస్తే దాని చెమ్మే గింజకు చేటు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు కొందరు తెచ్చి ఇంట్లో బస్తాల మధ్య పెడుతున్నారు. తేమ తగిలితే వాటి నుంచి విషవాయువు వస్తుంది. ఆ గదిలోనూ పక్క గదిలోనూ పడుకున్నవారి ప్రాణం తీస్తుంది. మనుషులు, పశువులు ఉండే ఇంట్లో వాటిని తలపెట్టవద్దు. బియ్యంలో బోరిక్ పౌడర్ కలిపే అలవాటు కూడా మానుకోవాలి. అది తిండిలో కలిపే వస్తువు కాదు.

పప్పులు, చింతపండు, మిరప

మినుము, పెసర మన చేలోవే. మార్చిలో నూర్చగానే ఏడాదికి ఇంటికి కావలసినవి, ఐదుగురికి మినుములు పాతిక కిలోలు, పెసలు పది, పన్నెండు కిలోలు పక్కన పెట్టాలి. పప్పు గింజలకు పుచ్చు పురుగు చేలోనే గుడ్డు పెట్టి ఇంటికి వస్తుంది. రెండు మూడు గట్టి ఎండలు చూపించి, తేమ బాగా తగ్గాక, తినడానికి ఉంచేవాటిని బద్ద చేయించి పెట్టడం మేలు. బద్దకు పుచ్చు తక్కువ. గింజలుగానే ఉంచేవారు కిలోకు ఒక చెంచా వంతున ఆముదమో, నువ్వుల నూనెనో చేతులకు రాసుకుని అన్ని గింజలకూ పట్టేలా కలపాలి. మన పెద్దవాళ్లు చేసిన పని ఇదే, పరిశోధకులూ ఇదే చెబుతున్నారు. కొత్త మినుము రకాల గురించి, నిల్వ గురించి సందేహాలుంటే ఘంటసాలలోని వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగవచ్చు.

బజారులో కొనేవాటికి కూడా కాలం ఉంటుంది. ఎండుమిర్చి గుంటూరు యార్డుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బాగా వస్తుంది. దుగ్గిరాలలో కొత్త పసుపు కూడా ఆ రోజుల్లోనే. చింతపండు మార్చి, ఏప్రిల్‌లో. కందిపప్పు కొత్త పంట జనవరి తరువాత. ఈ నాలుగూ వేసవిలో కొని పెట్టుకోవాలి. ఐదుగురికి ఏడాదికి ఎండుమిర్చి ఎనిమిది కిలోలు, చింతపండు పన్నెండు, పసుపు ఒకటిన్నర, కందిపప్పు ముప్పై కిలోలు సుమారుగా సరిపోతాయి. చింతపండు గింజ, పీచు తీసి, కాస్త ఎండ చూపి, ఉప్పు చల్లి జాడీలో అదిమి పెడితే నల్లబడినా చెడదు. మిరపకాయ గలగలలాడేలా ఎండాలి. బూజు పట్టిన మిరపకాయలు, వేరుశనగ గింజలు ఏరి పారేయాల్సిందే. ఆ బూజు విషం వండినా పోదు.

నూనె మాత్రం ఏడాదికి కొనవద్దు. మూడు నెలలు దాటితే కారువాసన వస్తుంది.

ఉప్పు వేసవిలోనే తీసుకోవాలి. వానలు పడ్డాక మడుల్లో పని ఆగిపోతుంది. వంటకు ఇరవై కిలోలు, పచ్చళ్లకు వేరే. దీనిపైన ఇంకో ఇరవై కిలోల కళ్లుప్పు నవంబరుకు ఇంట్లో ఉండాలి. ఎందుకంటే తుపాను వానకు పడిపోయిన, తడిసిన వరి మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమని శాస్త్రవేత్తలు చెబుతారు. ఎకరానికి 200 లీటర్లు, అంటే పది కిలోల ఉప్పు. నూర్చిన ధాన్యం తడిసి ఎండ రాకపోతే క్వింటాకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక లేదా ఎండుగడ్డి కలిపి పోగు చేస్తే వారం దాకా ఆగుతుంది. వాన వెలిశాక ఊళ్లో అందరూ ఒకేసారి ఉప్పుకోసం కొట్టుకు పోతే ఆ రోజు ఉప్పు దొరకదు.

దివిసీమలో ఎండుచేపలు, ఎండు రొయ్యలు ఎక్కువగా తింటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. అంతకు ముందే, గట్టి ఎండలు ఉన్నప్పుడు తీసుకుని మళ్లీ ఒక ఎండ చూపించి డబ్బాలో పెట్టుకోవాలి.

ఈ సరుకులన్నీ ఒక్క కుటుంబం కొంటే బండి కిరాయికే సరిపోదు. పొదుపు సంఘాల మహిళలు పదిమంది కలిస్తే ఒక ఆటోలో తెచ్చుకోవచ్చు. ఇది కొత్త ఆలోచన కాదు. 2000 తరువాత వెలుగు పథకంలో గ్రామ సంఘాలు బియ్యం టోకుగా కొని సభ్యులకు వాయిదాల మీద ఇచ్చాయి. పథకం ఉన్నా లేకపోయినా పద్ధతి మంచిదే. సంఘం అప్పులో కొంత వేసవి సరుకులకు వాడితే తప్పేమీ లేదు, వడ్డీ కంటే ధర తేడా ఎక్కువగా ఉందో లేదో మాత్రం ముందు చూసుకోవాలి. బయట వడ్డీకి అప్పు చేసి మాత్రం నిల్వలు పెట్టవద్దు.

ఎక్కడ పెట్టాలి?

మెట్ట ఊరివాడికి రాని ప్రశ్న ఇది. మనకు ఇదే పెద్ద ప్రశ్న. ఎంత బాగా ఎండబెట్టిన ధాన్యమైనా మూడడుగుల నీరు ఇంట్లోకి వస్తే ఒక్క రాత్రిలో పోతుంది. 2009లో గాని, 2024లో గాని మీ ఇంటి గోడ మీద నీరు ఎంత దాకా వచ్చిందో గుర్తుంటే, ఆ గీతకు రెండడుగుల పైన ఉండాలి మీ నిల్వ. పెంకుటిల్లయితే అటక బలం చూసుకుని నాలుగైదు బస్తాలు, మిగిలినవి ఎత్తు అరుగు ఉన్న చుట్టాల ఇంట్లో. మొత్తం ఒకే చోట పెట్టకుండా రెండు చోట్ల పెట్టడం నయం. ఊళ్లో డాబా ఉన్న ఇంటివారితో సెప్టెంబరులోనే మాట అనుకోండి. తుపాను హెచ్చరిక వచ్చాక పదిమందీ ఒకే డాబా మెట్ల దగ్గర బస్తాలతో నిలబడితే ఎవరివీ ఎక్కవు.

దీనితోబాటు అక్టోబరు మొదటికే ఒక చిన్న డబ్బా వేరుగా కట్టుకోవాలి. వండకుండా తినేవి, అటుకులు, మరమరాలు, బెల్లం, వేయించిన శనగపప్పు మనిషికి మూడు రోజులకు సరిపడా. అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు ప్లాస్టిక్ సంచిలో. టార్చిలైటు. పట్టాదారు పాసు పుస్తకం, కౌలు కార్డు, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, వాడే మందులు. తుపాను రక్షణ కేంద్రానికి వెళ్లమన్నప్పుడు ఆ డబ్బా ఒక్కటే చేత పట్టుకుని బయలుదేరాలి. బస్తాల కోసం ఇంట్లో ఉండిపోవద్దు. బస్తాలు మళ్లీ పండించుకోవచ్చు. ఎదురుమొండి దీవుల్లాంటి చోట పంటు ఆగితే ఎన్ని రోజులకు తిరుగుతుందో చెప్పలేం, కనుక అక్కడివారికి మూడు రోజులు చాలదు, పది రోజులకు పెట్టుకోవాలి.

మంచినీళ్లు కూడా నిల్వలోకే వస్తాయి. తీరం దగ్గర భూగర్భ నీరు ఉప్పన. తుపాను హెచ్చరిక వినగానే కడిగిన బిందెలు, డ్రమ్ములు నింపి మూతలు పెట్టి ఎత్తున పెట్టాలి. మనిషికి తాగడానికి, వంటకు రోజుకు ఐదు లీటర్లయినా వేసుకోండి. ముంపు తరువాత బోరు నీరైనా చెరువు నీరైనా మరిగించకుండా తాగవద్దు. గ్యాసు బండ రెండోది ఉన్నవారు సెప్టెంబరులో నింపించి పెట్టుకోవాలి. లేనివారు నాలుగు మోపుల సర్కారు తుమ్మ కట్టెలు, కొన్ని పిడకలు తడవని చోట వేసుకోవాలి.

పశువుకు కూడా లెక్క ఉంది. ఒక గేదెకు ఏడాదికి రెండు, రెండున్నర టన్నుల ఎండుగడ్డి కావాలి, దాదాపు ఎకరం చేలో గడ్డి. మిషనుతో కోసిన చేలో గడ్డి నలిగి చెల్లాచెదురవుతుంది. తగలబెట్టకుండా కట్టలు కట్టే మిషను పిలిపించుకోండి, లేదంటే అరెకరమైనా కొడవలితో కోయించండి. గేదె ఉన్న ఇంటికి అది వృథా ఖర్చు కాదు. వామి మెరక మీద వేసి, కింద కొమ్మలు పరవాలి.

విత్తనపు ధాన్యం వేరే సంచిలో, వేరే గుర్తుతో ఉండాలి. మందు కలిపిన విత్తనం మిగిలితే ఎట్టి పరిస్థితిలోనూ తిండికి గాని, కోళ్లకు గాని వేయవద్దు.

నిల్వ చేశాక నెలకు ఒకసారి, అమావాస్యకో పున్నానికో ఒక రోజు పెట్టుకుని మూతలు తీసి చూడండి. చేయి లోపలికి పెడితే వెచ్చగా తగిలినా, ముక్క వాసన వచ్చినా ఆ రోజే దించి ఎండలో పోయాలి. శ్రావణంలో ముసురు పట్టకముందే అన్నిటికీ మరో ఎండ చూపించాలి. వచ్చే సంక్రాంతికి కొత్త ధాన్యం ఇంటికి వచ్చినప్పుడు పాతవి ఒకటి రెండు బస్తాలు మిగిలితే ముందు వాటినే ఆడించుకుని, డబ్బాలు దులిపి, ఎండబెట్టి కొత్తవి పోసుకోండి.